శుభం కార్డు తర్వాత

ఎదగడం ఇష్టంలేని మగవాడి కథకు సినిమావాళ్ళ దగ్గర ఒక కొలత ఉంది. ముప్ఫై దాటినవాడొకడు ఉంటాడు. వాడికి ఉద్యోగం ఉండదు, ఉన్నా అందులో మనసుండదు. ఎక్కడో ఒక బండి దొరుకుతుంది. పక్కన కూర్చోడానికి వాడికంటే వాగుడు ఎక్కువున్న స్నేహితుడు దొరుకుతాడు. దారిలో బండి చెడిపోవాలి, డబ్బులు పోవాలి, ముక్కూమొహం తెలియనివాళ్ళ ఇంట్లో ఒక పూట అన్నం తినాలి. తిరిగొచ్చేసరికి వాడు కాస్త పెద్దవాడై ఉంటాడు. పెద్ద తారలు లేకుండా, తక్కువ డబ్బుతో తీసే సినిమాలకు ఈ కథ ప్రపంచమంతటా బాగా అచ్చొచ్చింది. సెట్టింగు వెయ్యక్కర్లేదు మరి, రోడ్డు ఊరికే దొరుకుతుంది.

మనకూ ఉన్నాయి అలాంటివి. క్రిష్ మొదటి సినిమా ‘గమ్యం’ 2008లో వచ్చింది. అభిరాం అనే డబ్బున్న కుర్రాడు జానకిని వెతుక్కుంటూ మోటార్‌సైకిల్ మీద బయల్దేరతాడు. ఆ బండినే కొట్టేద్దామని వచ్చిన గాలి శీను వాడికి తోడవుతాడు. పదేళ్ళ తర్వాత, 2018లో, తరుణ్ భాస్కర్ ‘ఈ నగరానికి ఏమైంది’లో నలుగురు హైదరాబాదు స్నేహితులు మందు మత్తులో గోవా వెళ్ళిపోతారు. మొదటిదాంట్లో ఒక చావుంది, రెండోదాంట్లో తెల్లారి తలనొప్పి ఉంది. రెండింట్లోనూ ఎవరో ఒకరు తమ చిన్నతనాన్ని దారిలో దింపేసి ఇంటికొస్తారు. ఆ రెండో సినిమాను 2023లో మళ్ళీ థియేటర్లలో వేస్తే, అయిదేళ్ళు వయసు పెరిగిన అదే కుర్రాళ్ళు వచ్చి, నటుల కంటే ముందే మాటలు అప్పజెప్పారు. ఎదగడం గురించిన సినిమా ఎదగనివాళ్ళకే ఎక్కువ నచ్చుతుందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఈ కథను కోనసీమలో పెట్టి చూస్తే ఎలా ఉంటుందా అని నేను అప్పుడప్పుడూ ఆలోచిస్తుంటాను. నిజానికి ఇది ఇక్కడే పుట్టాల్సిన కథ. ఎందుకంటే కోనసీమలో ఎటు కదిలినా నీళ్ళు అడ్డొస్తాయి. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడివడి మధ్యలోంచి వెళ్తుంది. మిగిలిన వైపు సముద్రం. ఇంట్లో చెప్పకుండా ఊరు విడిచి పోదామన్నా రేవులో పడవవాడికి చెప్పక తప్పదు, వాడు తిరుగు పడవలోనే మీ నాన్నకు చెప్పకా మానడు. అందుకే ఒకప్పుడు ఇక్కడ కుర్రాడు పెద్దవాడయ్యాడనడానికి మీసం గుర్తు కాదు. కాలేజీ చదువుకో కోర్టు పనికో ఒంటరిగా రేవు దాటి, రాత్రికి తిరిగి రాకపోవడం గుర్తు.

తర్వాత వంతెనలు వచ్చాయి. రావులపాలెం, జొన్నాడల మధ్య గౌతమిని దాటేశాం. దిండి నుంచి చించినాడకు వశిష్ఠను దాటేశాం. అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్ళి స్పీకర్ అయిన బాలయోగి పేరు ఎదుర్లంక, యానాం వంతెనకు పెట్టుకున్నాం. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి మాత్రం ఇప్పటికీ పంటే గతి. మోటార్‌సైకిళ్ళు, చేపల బుట్టలు, పెళ్ళికి పోయే పట్టుచీరలు, అన్నీ ఒకే పంటు మీద. ఇక రైలు సంగతి చెప్పక్కర్లేదు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి రైలుమార్గం 2000 ప్రాంతంలో మంజూరైంది. కోటిపల్లి రేవులో నిలబడితే గౌతమిలో దాని స్తంభాలు కనిపిస్తాయి. రైలొస్తే ఎక్కుదామని అప్పట్లో సంబరపడిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. కోనసీమలో ఎదగడానికి మొరాయిస్తున్నది మగవాడొక్కడే కాదు.

వంతెనలొచ్చాక దాటడం తేలికైంది. ఎదగడం మాత్రం అప్పుడెంత కష్టమో ఇప్పుడూ అంతే. దానికి సగం కారణం కొబ్బరిచెట్టని నా అనుమానం. వరికి ఉన్నట్టు దానికి తొందరలేదు. నారుపోతలూ నాట్లూ కోతలూ అంటూ మనిషిని పరిగెత్తించదు. నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి దింపు. దింపువాడొచ్చి చెట్టెక్కుతాడు, ఒలుపువాళ్ళు డొక్కలు తీస్తారు, అంబాజీపేట నుంచి వ్యాపారి వచ్చి ధర చెప్పి పోతాడు. తోట పెంచిన తాత పోయాడు, దాన్ని కాపాడిన తండ్రి ముసలివాడయ్యాడు. మనవడికి మిగిలిన పనల్లా కాయలు లెక్కపెట్టించడమే. దానికి పెద్దవాడవ్వాల్సిన అవసరమేముంది?

1996 నవంబరు 6 రాత్రి ఆ భరోసా కూలిపోయింది. ఆ తుఫానుకు కోనసీమలో పడిపోయిన కొబ్బరిచెట్ల గురించి ఇప్పటికీ మనుషుల గురించి చెప్పుకున్నట్టే చెప్పుకుంటారు. కొత్త మొక్క పెట్టి కాయ చూడాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ రాత్రి నిద్రపోయిన బుల్లిబాబులు చాలామంది మర్నాడు పొద్దున్న పెద్దబాబులుగా లేచారు. ప్రయాణం చేస్తేగానీ మనిషి మారడని నమ్మే కథకుల్ని నేను పూర్తిగా ఎందుకు నమ్మలేనంటే ఇదొక కారణం. వాళ్ళెక్కడికీ వెళ్ళలేదు. గుమ్మంలోకి వచ్చి చూశారు, తోట లేదు.

మళ్ళీ చెట్లు పెరిగాయి. బుజ్జిగార్లు, చంటిగార్లు, నానిగార్లు మళ్ళీ కాశారు. బాబాయ్ వరసయ్యే ఒకాయనకు షష్టిపూర్తి చేస్తూ ఊరి కుర్రాళ్ళు కట్టిన ఫ్లెక్సీ మీద ‘చంటిగారికి శుభాకాంక్షలు’ అని ఉంటే నవ్వినవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. అరవయ్యేళ్ళ చంటి మాకు సహజం.

ఈ మనిషిని తెరమీద బాగా పట్టుకున్నది వంశీ. కోనసీమ పల్లెల్లో తీసి 1986లో విడుదల చేసిన ‘లేడీస్ టైలర్’లో సుందరం చేతిలో మంచి పనితనం ఉన్న టైలరు. కుట్టమంటే మాత్రం బద్ధకం. కుడి తొడమీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయిని చేసుకుంటే దశ తిరుగుతుందన్న జోస్యం చెవిన పడేసరికి, మిషను పక్కనపెట్టి మచ్చ వెతకడం మొదలుపెడతాడు. రాజేంద్రప్రసాద్ ఆ పాత్రలో చేసిన అల్లరీ, తనికెళ్ళ భరణి రాసిన మాటలూ తెలుగువాళ్ళకు ఇంకా గుర్తే. నాకది ఒక్క ఊరు దాటని ప్రయాణ చిత్రంలా కనిపిస్తుంది. సుందరం బయటకు పోడు, ఊళ్ళోనే ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి తిరుగుతాడు. ఒక్కొక్క ఆడమనిషీ అతనికి ఒక మజిలీ. పడీ పడీ నవ్వాక, ఇంటికొచ్చి అన్నం తింటుంటే అప్పుడు తడుతుంది: అతని వెతుకులాటలో నష్టపోయినవాళ్ళెవరూ నవ్వలేదు కదా అని. వంశీకి ఆ సంగతి తెలుసు, అందుకే చివర్లో లెక్క తేల్చే పనీ పెట్టుకున్నాడు. అయితే సుందరం లెక్క తేలగానే సినిమా అయిపోతుంది. బుద్ధొచ్చిన సుందరం పొద్దున్నే లేచి ఎన్ని జాకెట్లు కుట్టాడో మనకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించదు.

వశిష్ఠకు అవతలి ఒడ్డున ఇంతకంటే పాత సాక్షి ఉన్నాడు. నరసాపురం పక్కన మొగల్తూరు నుంచి బయల్దేరిన బారిష్టర్ పార్వతీశం. ఎదగని మగవాడి ప్రయాణ హాస్యానికి తెలుగులో ఆయన్ను మించిన నాయకుడు ఇంకా పుట్టలేదు. ఇంట్లో చెప్పకుండా బయల్దేరి, మద్రాసులో ఆడవాళ్ళ టోపీ కొనుక్కుని, అదే నెత్తిన పెట్టుకుని దొర అనిపించుకోవాలనుకున్న అమాయకుడు. మొక్కపాటి నరసింహశాస్త్రి రాసిన ఆ నవల మొదటి భాగం 1920లలో వచ్చింది. రెండు, మూడు భాగాలు దశాబ్దాల తర్వాత రాశారు. వాటిలో పార్వతీశం చదువు ముగించుకుని వస్తాడు, పెళ్ళాడతాడు, స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్తాడు, అన్నివిధాలా పెద్దమనిషవుతాడు. కానీ ఎవర్ని కదిపినా చెప్పేది టోపీ సంగతే. మొదటి భాగం నవ్వుతూ చదివినవాళ్ళు రెండో భాగం మర్యాదకొద్దీ తెరుస్తారు, మూడోది ఉందన్న మాటే కొందరికి తెలియదు. మనకు పార్వతీశం పచ్చిగా ఉన్నప్పుడే ముద్దు. పండాక ఆయన్ను గౌరవిస్తాం. గౌరవించిన మనిషి ఇంటికి ఎన్నిసార్లు వెళ్తాం?

ఇక్కడే నాకు ఈ కథల కిటుకు కొంచెం అర్థమైందనిపిస్తుంది. నవ్వంతా చిన్నతనంలోనే ఉందనీ, పెద్దరికం వచ్చాక మిగిలేది బాధ్యత, నెలవాయిదాలు, మోకాళ్ళనొప్పులేననీ మనం ఎక్కడో ఖాయం చేసుకున్నాం. అందుకే హీరో ఎదిగిన క్షణంలోనే శుభం కార్డు వేసేస్తాం.

2024 ఆగస్టులో వారం తేడాలో గోదారి కుర్రాళ్ళ సినిమాలు రెండు వచ్చాయి. 9న యదు వంశీ తీసిన ‘కమిటీ కుర్రోళ్ళు’, 15న అంజి కె. మణిపుత్ర తీసిన ‘ఆయ్’. మొదటిదాంట్లో పన్నెండేళ్ళకోసారి వచ్చే జాతర, కులం పేరుతో విడిపోయిన స్నేహం, వాళ్ళమధ్య నిలిచిపోయిన ఒక చావు. రెండోదాంట్లో లాక్‌డౌన్‌లో కంప్యూటరు సంచితో సహా ఊరొచ్చిపడిన ఉద్యోగి. ఈ రెండింట్లోనూ ప్రయాణం తిరగబడింది. పాత హీరో ఎదగడానికి ఊరు విడిచేవాడు. ఇప్పటి హీరో ఎదుగుదల నుంచి తప్పించుకోడానికి ఊరికొస్తున్నాడు.

సంక్రాంతి ముందు హైదరాబాదులో అమలాపురం బస్సు ఎక్కితే ఆ తిరగబడ్డ ప్రయాణం కళ్ళారా చూడొచ్చు. ఎక్కేటప్పుడు అందరూ మేనేజర్లే. చెవిలో తీగలు పెట్టుకుని ఇంగ్లీషులో ఎవర్నో మందలిస్తుంటారు. తెల్లవారుజామున రావులపాలెంలో హైవే వదిలి బస్సు కొత్తపేట దారి పట్టేసరికి ఒక్కొక్కరూ కిటికీ అద్దం తీసి బయటకు చూస్తూ, ‘అమ్మా, వచ్చేశా, అట్టు వేసెయ్’ అంటారు. నలభయ్యేళ్ళ మనిషి గొంతు పదేళ్ళకు దిగిపోతుంది. ఆ మూడు రోజులూ వాడు తిన్న కంచం తియ్యడు. తడితువ్వాలు మంచం మీదే ఉంటుంది. వాడి భార్య మాత్రం ఆ బస్సులోనే వచ్చినా దిగుతూనే కోడలైపోతుంది, అంటే వంటింట్లోకి వెళ్ళి ఇంకొంచెం పెద్దదైపోతుంది. ఒకే టిక్కెట్టు ధర, ఒకే దూరం. ప్రయాణం మనిషిని ఎదిగిస్తుందా అన్న ప్రశ్నకు ఈ ఇద్దరి దగ్గరా వేర్వేరు జవాబులున్నాయి.

పాపం, ఆ మగవాణ్ణి మరీ అనకూడదు. కనుమనాడు వాణ్ణి జగ్గన్నతోటలో చూడాలి. మొసలపల్లి దగ్గర గుడి లేని ఆ కొబ్బరితోటలోకి చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఏకాదశ రుద్రులు ప్రభలమీద వస్తారు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా వెళ్ళింది ఈ ప్రభల తీర్థమే. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు పచ్చటి వరిచేలను తొక్కుకుంటూ వచ్చి కౌశిక నదిలో దిగుతాయి. రైతు ఒక్క మాటనడు. మేడంత ఎత్తు ప్రభను గుండెలోతు నీళ్ళలో భుజాలమీద మోస్తున్నవాళ్ళలో నిన్న కంచం తియ్యని మన బుజ్జి ఉంటాడు. కాలికింద బురద జారుతోంది, పక్కవాడు అలిసిపోయాడు, అయినా భుజం మార్చడు. మొయ్యగలిగిన సత్తువ వాడికి ఎప్పుడూ ఉందన్నమాట. అది ఏడాదికి ఒక్కరోజే ఎందుకు బయటికొస్తుందో రుద్రుడికే తెలియాలి. పైగా ఆ మోతలో ఎంత నవ్వు! నీళ్ళలో తడుస్తూ, కేకలేస్తూ, ఒకడిమీద ఒకడు చలోక్తులు విసురుకుంటూ ఒడ్డెక్కుతారు. బరువెక్కితే నవ్వు పోతుందన్న సిద్ధాంతం కౌశికలో నిలవదు.

మామూలు రోజుల్లోనూ అంతే. గోదారి వెటకారమని లోకమంతా మెచ్చుకునేది అరుగుమీద తీరిగ్గా కూర్చున్నవాళ్ళ సొత్తనుకుంటారు. నేను విన్నంతలో అసలైన వెటకారం పనిలో ఉన్నవాళ్ళ నోటినుంచే వచ్చింది. ఒకసారి దింపు జరుగుతుంటే ఒక చంటిగారు ఎండలో నిలబడి గెలలు లెక్కపెడుతున్నారు. చెట్టు దిగిన దింపువాడు చెమట తుడుచుకుంటూ, ‘ఎండలో నిలబడితే నల్లబడిపోతారు చంటిగారూ, తమరు నీడలోకెళ్ళి అలిసిపోండి, ఆయ్’ అన్నాడు. ఎంత వినయం! పిల్లల ఫీజులు, తాడు తెగుతుందేమోనన్న బెంగ, సాయంత్రానికి దిగాల్సిన చెట్లు, ఇవన్నీ ఉన్న మనిషి అన్న మాట అది. ఆ తోటలో పెద్దవాడు అతనొక్కడే, నవ్వించినవాడూ అతనొక్కడే.

ఆడవాళ్ళ ప్రయాణాల మాటకొస్తే డొక్కా సీతమ్మగారు తలపుకొస్తారు. 1841లో పుట్టి 1909 దాకా బతికిన ఆవిడ, లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవారికల్లా అన్నం పెట్టారు. ఇప్పుడు వైనతేయ మీద అక్విడక్టుకూ, 2024 నుంచి బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరుంది. ఎప్పుడో ఒకసారి అంతర్వేది నరసింహస్వామిని చూద్దామని పల్లకీలో బయల్దేరారట. దారిలో ఒక గుంపు ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని సముదాయిస్తూ, ఇంకొంచెం దూరంలో సీతమ్మగారిల్లుంది, అక్కడ అన్నం దొరుకుతుందని చెప్పుకోవడం విని, పల్లకీ వెనక్కి తిప్పించి వాళ్ళకంటే ముందే ఇల్లు చేరి పొయ్యి వెలిగించారని చెబుతారు. ఎంతోమంది ఈ కథను కళ్ళు చెమర్చి చెప్పగా విన్నాను. ఆవిడ అంతర్వేది ప్రయాణం సగంలో ఆగిపోయిందన్న సంగతి బాధగా చెప్పినవాళ్ళను మాత్రం వినలేదు. మగవాడి కథలో ప్రయాణం పూర్తయితే వాడు పెద్దవాడు. ఆడమనిషి కథలో ప్రయాణం మానుకుంటే పెద్దది. ఆవిడ త్యాగానికి చేతులెత్తి మొక్కుతూనే, పల్లకీలో కూర్చున్నప్పుడు ఆవిడ కూడా చిన్నపిల్లలా సంబరపడి ఉంటుందేమోనని ఊహించుకోడానికి నేను కొంచెం చోటుంచుకుంటాను.

సగంలో వెనక్కి తిరగని ఆడవాళ్ళూ కోనసీమలో ఉన్నారు. రాజోలు, మలికిపురం, పి.గన్నవరం వైపు ఊళ్ళనుంచి ఏళ్ళ తరబడి ఆడవాళ్ళు కువైట్‌కూ, మస్కట్‌కూ, దుబాయ్‌కూ ఇంటిపనికి వెళ్తున్నారు. అంతకుముందు ఒంటరిగా రాజమండ్రి కూడా చూడని మనిషి విమానమెక్కి, తెలియని ఇంట్లో, తెలియని భాషలో, పొయ్యి ఎలా వెలిగించాలో కూడా సైగలతో నేర్చుకుంటుంది. మోసపోయినవాళ్ళున్నారు, ఏడుస్తూ తిరిగొచ్చినవాళ్ళున్నారు. ఊళ్ళో డాబా ఇల్లు లేపి, పిల్లల్ని ఇంజనీరింగు చదివించినవాళ్ళూ ఉన్నారు. ఇంతకుమించిన ప్రయాణం ఏ సినిమా హీరోకీ ఉండదు. వీళ్ళమీద కన్నీటి కథలొచ్చాయి, రావాలి కూడా. కానీ సెలవుకొచ్చినప్పుడు వీళ్ళు తమ సేఠమ్మల నడకా మాటా అనుకరిస్తూ పెరట్లో చేసే హాస్యం ఒక్కసారి విన్నవాళ్ళకు, వీళ్ళమీద కామెడీలు ఎందుకు తియ్యరో అర్థం కాదు.

వాళ్ళ ఇళ్ళలో మిగిలిపోయిన మగవాడున్నాడే, నా సినిమాకు వాడు హీరో. అందరూ ఒకలా ఉండరు. పంపిన డబ్బు తాగేసినవాళ్ళు లేరని అనను. కానీ ఇంకో రకం తండ్రులనూ అటువైపు చూశాను. పెళ్ళికి ముందు ఒట్టి అల్లరివాడు. తల్లి కలిపి పెడితే తిన్నవాడు, పెళ్ళయ్యాక భార్య కలిపి పెడితే తిన్నవాడు. ఆవిడ కువైట్ వెళ్ళిన మర్నాడు ఎనిమిదేళ్ళ కూతురు దువ్వెనా రిబ్బన్లూ తెచ్చి ముందు కూర్చుంది. బడికి వేళవుతోంది, రెండు జడలు వెయ్యాలి. వాడు జుట్టును మూడు పాయలు చెయ్యబోతే నాలుగొచ్చాయి. ఫోన్‌లో వీడియో పెట్టి భార్యను పిలిచాడు. అక్కడింకా పూర్తిగా తెల్లారలేదు. ఆవిడ పనిలోకి దిగేముందు ఆ ఎక్కువ పాయను చూసి, యజమానికి వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ‘పాపిడి అంత వంకరైతే ఎలాగండీ, అది పంటు దారిలా ఉంది’ అంది. కూతురు అద్దం చూసుకుని ఏడుపు మొదలెట్టింది. వాడు మాత్రం పట్టు విడవలేదు. నెల తిరిగేసరికి చేపముళ్ళ జడ కూడా వచ్చేసింది. పక్కింటివాళ్ళు పెళ్ళికి వెళ్తూ తమ పిల్లను కూడా వాడి దగ్గరికే పంపడం మొదలుపెట్టారు. టీ కొట్టు దగ్గర స్నేహితులు ‘ఏరా, పూలజడ ఎంత తీసుకుంటావ్?’ అని ఏడిపిస్తే, ‘నీకు జుట్టుంటే కదా చెప్పడానికి’ అన్నాడు.

వాడు ఏ రేవూ దాటలేదు. బండి చెడిపోలేదు, గోవా చూడలేదు, కొండమీద నిలబడి సూర్యోదయం చూసి జీవితం గురించి ఆలోచించలేదు. ఒక చిన్నపిల్లకు బడివేళకు రెండు జడలు కావాలి, వెయ్యడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. వాడు పెద్దవాడవడానికి అంతకంటే ఏమీ జరగలేదు. పెద్దవాడయ్యాక వాడిలో నవ్వేమన్నా తగ్గిందా అంటే, టీ కొట్టువాళ్ళనడిగితే చెబుతారు.

ఈ కథలో శుభం కార్డు వెయ్యాల్సిన చోటు ఎక్కడో నాకు తెలియడంలేదు, బహుశా అదే దాని బలం. ఎవరైనా కుర్ర దర్శకుడు తీస్తానంటే తీసుకోవచ్చు. తారలక్కర్లేదు, సెట్టింగక్కర్లేదు. ప్రయాణమంతా హీరోయిన్ చేస్తుంది, హీరో ఇంట్లోనే ఉంటాడు కాబట్టి వాడి పెట్రోలు ఖర్చు కూడా నిర్మాతకు మిగులే.